ఎవరింటికొచ్చిండ్రు?

పోయిన డిసెంబర్‌లో హనుమకొండకు బయలుదేరే ముందు మా అబ్బాయి ఫోన్‌లో ఒక లిస్టు రాసుకున్నాడు. కాలేజీలో మొదటి ఏడాది వాడికి. ఇన్నేళ్లూ ఇండియా ట్రిప్పు అంటే రెండు పెళ్లిళ్లు, భద్రకాళి గుడి, అమ్మమ్మ చేతి సకినాలు. ఈసారి తనకు వేరే రకం ట్రిప్పు కావాలన్నాడు. లిస్టు చూస్తే ఇలా ఉంది: పాడుబడ్డ దొరల గడీ, రాత్రిపూట. బొగ్గుబాయి లోపల. జనాన్ని ఉరి తీసిన మర్రిచెట్టు. ఊచకోత జరిగిన ఊరు. చివర ఒక ముక్క, దయ్యాలుంటే ఇంకా మంచిదని. వాళ్లమ్మ చదివి, "ఇది తీర్థయాత్రనా, శవయాత్రనా?" అంది.

నవ్వాను గానీ, వాణ్ని తిట్టే హక్కు నాకేమంత లేదు. డాలస్‌లో ఉండే మనవాళ్లకు చెప్పక్కర్లేదు. ఇండియా నుంచి ఎవరు దిగినా మొదటి వారంలోనే డీలీ ప్లాజాకు తీసుకుపోతాం. 1963 నవంబర్ 22న కెనెడీకి తూటా తగిలిన చోట, ఎల్మ్ స్ట్రీట్ నడిమధ్య, తెల్ల రంగుతో ఎక్స్ గుర్తు ఉంటుంది. కార్లు ఆగిన సందు చూసి పరుగెత్తాలి, దాని మీద నిలబడి ఫొటో దిగాలి, మళ్లీ బండ్లు కదిలేలోపు గట్టున పడాలి. ఇరవై రెండేళ్లలో ఎంతమందిని అలా పరుగెత్తించానో లెక్కలేదు. మా మామయ్య ధోవతి ఎగ్గట్టి మరీ ఉరికాడు. ఆ ఫొటోలో ఆయన రెండు వేళ్లు చూపిస్తూ పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. పక్క సీట్లో భార్య చూస్తుండగానే ఒక మనిషికి తల మీద దెబ్బ తగిలిన చోటు అది. ఆ సంగతి మాకెవరికీ తోచలేదు. అక్కణ్నుంచి నేరుగా ఇర్వింగ్‌లో బిర్యానీకి పోయాం.

ఇలా చావు జరిగిన చోట్లను చూడబోవడానికి డార్క్ టూరిజం అని పేరు. స్కాట్లాండ్‌కు చెందిన ఇద్దరు అధ్యాపకులు 1996లో పెట్టారు. పేరు కొత్తదే గానీ యావ పాతదే. 1986లో రియాక్టర్ పేలిన చెర్నోబిల్‌కు యుద్ధం వచ్చేదాకా టూర్లు నడిచాయి, చేతిలో రేడియేషన్ మీటర్ కీచుమంటుంటే అదో సరదా. 11 లక్షల మందిని చంపిన ఆష్విట్జ్‌లో రైలు పట్టాల మీద చేతులు చాపి బ్యాలెన్స్ చేస్తూ ఫొటోలు దిగొద్దని ఆ మ్యూజియం వాళ్లు 2019లో బతిమాలుకోవాల్సి వచ్చింది. 2023 జూన్‌లో టైటానిక్ శకలాలు చూడటానికి తలా రెండున్నర లక్షల డాలర్ల టికెట్ ఉన్న జలాంతర్గామిలో దిగిన అయిదుగురూ తిరిగి రాలేదు. చావును చూడబోయి చావయ్యారు. డబ్బు ముదిరితే భయం కూడా కొనుక్కునే సరుకే.

ఈ సరుకు ఇప్పుడు మన వరంగల్ వైపు కూడా దిగింది. రాత్రిపూట గడీల్లోకి టార్చిలైట్లు పట్టుకుపోయి, గబ్బిలం ఎగిరితే కెవ్వుమని, ఆ కెవ్వును యూట్యూబ్‌లో పెట్టే కుర్రాళ్లు తయారయ్యారు. మావాడి లిస్టు కూడా ఆ వీడియోల నుంచి వచ్చిందే. మా నాయనమ్మ ఊళ్లోనూ ఒక గడీ ఉంది. దొరవాళ్లు హైదరాబాద్ పోయి యుగాలైంది, కప్పు కూలింది, హాల్లో తుమ్మచెట్టు మొలిచింది. ఒకప్పుడు గడీ ముందు నుంచి నడవాలంటే చెప్పులు విప్పి చేత పట్టుకోవాలి. ఆ రివాజు పోయిన నలభై ఏళ్లకు కూడా, ఆ మొండిగోడ దగ్గరికి రాగానే నాయనమ్మ కాళ్లు వాటంతట అవే చెప్పుల్లోంచి బయటికి వచ్చేవి. నేను పిల్లవాణ్ని, నవ్వేవాణ్ని. "ఏమైతది నాయినమ్మా, ఎవలున్నరు అండ్ల?" అంటే, "ఎవలు లేరు బిడ్డా, అలవాటు" అనేది. దయ్యానికి భయపడే మనిషి కాదు ఆమె. పొలానికి రాత్రి ఒంటరిగా పోయేది. దయ్యాల గడీ అని వీడియో తీసేవాళ్లకు ఆ చెప్పుల సంగతి తెలియదు. వెట్టి తెలియదు. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు, దొరల మీద తిరగబడ్డ దొడ్డి కొమరయ్య పడిపోయాడని తెలియదు. ఉన్న భయాన్ని వదిలేసి లేని భయాన్ని వెతుక్కుంటున్నారు, నాకు కోపం అక్కడ.

గడీ వద్దన్నాను. ఊచకోత జరిగిన ఊరికి తీసుకుపోతానన్నాను. మా బావమరిది కారు తీశాడు. జనగామ మీదుగా చేర్యాల దారి పట్టి బైరాన్‌పల్లి చేరాం. ఈ ఊరు మొన్నటిదాకా వరంగల్ జిల్లా, ఇప్పుడు సిద్దిపేట. ఊరి మధ్యన బురుజు ఇంకా నిలబడే ఉంది. రజాకార్ల కాలంలో ఆ బురుజు మీద కాపలా కూర్చొని, వడిసెలలతో, నాటు తుపాకులతో ఊరివాళ్లు ఒకటికి రెండుసార్లు దాడులు తిప్పికొట్టారు. ఆ కసితోనే 1948 ఆగస్టు 27 తెల్లవారుజామున నిజాం పోలీసులను, ఫిరంగులను వెంటబెట్టుకొని రజాకార్లు మళ్లీ వచ్చారు. పట్టుకున్నవాళ్లను వరుసగా నిలబెట్టి కాల్చారు. 90 మందికి పైగా చనిపోయారు. సరిగ్గా 21 రోజులకు, సెప్టెంబర్ 17న, నిజాం లొంగిపోయాడు. ఇంకొక్క మూడు వారాలు ఆగి ఉంటే అని ఎన్నిసార్లు అనుకున్నా ఆ లెక్క మారదు.

కారు దిగీ దిగగానే మావాడు కర్రకు ఫోన్ బిగించి, బురుజుకు వీపు పెట్టి, "గైస్" అని మొదలుపెట్టాడు. ఎదురింటి అరుగు మీద ఎనభై దాటిన పెద్దమనిషి ఒకాయన కూర్చొని ఉన్నాడు. భుజం మీద తువ్వాల, పక్కన చేతికర్ర. కాసేపు చూసి, నన్ను పిలిచి అడిగాడు.

"ఎవరింటికొచ్చిండ్రు సారూ?"

మా వైపు ఏ ఊళ్లో అడుగుపెట్టినా మొదటి ప్రశ్న ఇదే. కొత్త మనిషి కనబడితే ఎవరో ఒకరింటికి వచ్చినట్టే లెక్క, ఊరికే రావడం అనేది ఉండదు. నాకు జవాబు దొరకలేదు. "ఎవరింటికీ కాదు పెద్దాయినా, బురుజు చూద్దామని" అన్నాను. "బురుజా," అన్నాడు ఆయన. "సూడుండ్రి."

అంతే, ఇంకేమనలేదు. తిట్టినా బాగుండేది. మావాడు కూడా విన్నాడు, కర్ర మడిచాడు.

ఆ ప్రశ్న నన్ను వదలలేదు. డార్క్ టూరిజం మంచిదా చెడ్డదా అని పత్రికల్లో పేజీలు నింపుతుంటారు గానీ, నాకు మాత్రం ఆ ముసలాయన అడిగిందే సరైన కొలబద్ద అనిపిస్తుంది. ఎవరింటికి వచ్చావు? పేరు చెప్పగలిగితే లోపలికి రా. లేకపోతే నువ్వు చూసేది గోడ మాత్రమే.

చావు దగ్గరికి పోవడం మనకేమన్నా కొత్తా? పరామర్శ అని ఒక మాటే ఉంది మనకు. చావింటికి పోతాం, చాప మీద కూర్చుంటాం, ఎట్లా జరిగిందని అడుగుతాం. వాళ్లు చెప్పిందే పదిసార్లు చెప్తారు, మనం పదకొండోసారి విన్నట్టు కాకుండా మొదటిసారి విన్నట్టు వింటాం. అందులో కుతూహలం లేదని నేననను. ఎట్లా పోయాడో తెలుసుకోవాలని అందరికీ ఉంటుంది. కానీ అడిగే హక్కు కూర్చున్నందుకు వస్తుంది. నిలబడి అడిగి పోయేవాణ్ని ఊళ్లో ఏమంటారో మీకు తెలుసు.

మేడారం చూడండి. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి కోట్లాదిగా జనం పోయేది ఎవరి దగ్గరికి? కాకతీయుల సైన్యంతో కొట్లాడి ప్రాణాలు వదిలిన తల్లీబిడ్డలు సమ్మక్క, సారలమ్మల దగ్గరికి. స్నానం చేసేది జంపన్న దూకి చనిపోయాడని చెప్పుకునే వాగులో. థ్రిల్లు లెక్కన చూస్తే దీన్ని మించింది ఎక్కడుంది? కానీ ఎవడూ చేతులూపుకుంటూ పోడు. నిలువెత్తు బంగారం అంటూ తూకం వేసి మరీ బెల్లం మోసుకుపోతాడు. ఏడువందల ఏళ్లు దాటినా ఆ చావు ఇంకా మన ఇంటి చావే.

మరి ఖిలా వరంగల్? 1323లో ఢిల్లీ సైన్యం కోటను పట్టి, ప్రతాపరుద్రుణ్ని బందీగా తీసుకుపోయింది. మనం ప్రీవెడ్డింగ్ షూట్లు పెట్టుకునే ఆ కీర్తితోరణాలు నాలుగూ కూల్చేసిన స్వయంభూ గుడి చుట్టూ మిగిలినవి. మధ్యలో పడి ఉన్నదంతా పగిలిన రాయి. అక్కడ పెళ్లికూతురు గౌను తిప్పుతుంటే ఎవరికీ ఏమీ అనిపించదు, నిజం చెప్పాలంటే నాకూ అనిపించదు. దుఃఖానికి గడువు ఉంటుందేమో. ఉన్నా, అది ఎవరు పెట్టారో, మేడారానికి ఎందుకు వర్తించలేదో నాకు అర్థం కాదు.

గడువు ఇంకా తీరని చోట్లు ఉత్తర తెలంగాణ నిండా ఉన్నాయి. పరకాలలో 1947 సెప్టెంబర్ 2న జాతీయ జెండా ఎగరేయబోయిన జనం మీద కాల్పులు జరిగితే 20 మందికి పైగా పోయారు, అక్కడ అమరధామం కట్టారు. నిర్మల్‌లో బ్రిటిషువాళ్ల మీద తిరగబడ్డ రాంజీ గోండును, ఆయన మనుషులను ఉరితీశారని చెప్పే వెయ్యి ఉరుల మర్రి ఇప్పుడు లేదు, మావాడి లిస్టులోని చెట్టు అదే. ఇంద్రవెల్లి కథ వేరు. 1981 ఏప్రిల్ 20న భూమి కోసం సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్చారు. సర్కారు లెక్క 13 మంది. ఆదివాసులు చెప్పే లెక్క దానికి ఎన్నో రెట్లు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఏప్రిల్ 20 వచ్చిందంటే స్తూపం చుట్టూ 144 సెక్షన్. మిగతా రోజుల్లో దారినపోయే ఎవడైనా కారాపి ఫొటో తీసుకోగలిగేవాడు, ఆ ఒక్క రోజు మాత్రం కొడుకు పోయిన తల్లి పువ్వు పెట్టడానికి వీల్లేకపోయేది. చూడటానికి వచ్చేవాడికీ ఏడవటానికి వచ్చేవాడికీ తేడా మనకంటే పోలీసులకే బాగా తెలిసినట్టుంది.

బొగ్గుబాయి ముచ్చట కూడా చెప్పాలి. ఆ మధ్య ఆర్టీసీ, సింగరేణి కలిసి 'సింగరేణి దర్శిని' పేరుతో హైదరాబాద్ నుంచి బస్సు నడిపాయి. దాన్ని నేను తప్పుపట్టను. నెత్తిన లైటు పెట్టుకొని ఒక్క గంట లోపల నిలబడితే, కరెంటు బిల్లు వేరేగా కనబడుతుంది. గోదావరిఖనిలో ఉండే నా బడి దోస్తుకు ఫోన్ చేస్తే, "రా, చూపిస్త. కానీ మా ఆమె ముంగట మాత్రం థ్రిల్లు గిల్లు అనకు" అన్నాడు. 2003 జూన్‌లో అక్కడి ఒక బాయిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది కార్మికులు పోయారు. మొగుడు మస్టర్ పడి బాయిలోకి దిగాడంటే తిరిగి బయటికి వచ్చేదాకా ఇంట్లో ఆడవాళ్లకు టెన్షనే. మనకు టికెట్ కొనే భయం వాళ్లకు షిఫ్టుకొకసారి ఉచితం.

మన సంఘానికి నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఏటా పిల్లలను ఇండియా తీసుకుపోతున్నాం, గోల్కొండ, రామోజీ ఫిల్మ్ సిటీ చూపించి తెస్తున్నాం. వాళ్లకు ఇలాంటి చోట్లు కావాలని ఉంది. కాదనకండి, తీసుకుపోండి. వాళ్లను గుడి గుడికీ తిప్పి, చరిత్ర మీద ఆసక్తి లేదని మనమే వాపోతాం. కాకపోతే ఎవరింటికో ఒకరింటికి తీసుకుపోండి. ఆ ఊళ్లో ఒక ఇల్లు ముందే మాట్లాడుకొని, మధ్యాహ్నం అక్కడే తిని, తిన్నదానికి తగ్గట్టు ఇచ్చి, ఫోన్లు జేబుల్లో పెట్టించి, సగం రోజు కూర్చోబెట్టండి. వాళ్లకు బోర్ కొట్టవచ్చు. కొట్టనివ్వండి, పరామర్శలో సగం బోరే. ఆ రోజులు కళ్లతో చూసినవాళ్లు ఇంకా కొందరున్నారు, అందరూ ఎనభై దాటినవాళ్లు. స్తూపాలు ఎక్కడికీ పోవు, వీళ్లు ఆగరు.

ఆ రోజు మేం మళ్లీ అరుగు దగ్గరికి వచ్చి కూర్చున్నాం. ఆయన కోడలు చాయ్ తెచ్చింది. ఊచకోత నాటికి ముసలాయనకు నాలుగేళ్లట. "మా అవ్వ నన్ను సంకనేసుకొని జొన్నచేన్ల పడ్డది. నోరు మూసింది, ఏడుస్తనని. గా చెయ్యి వాసన ఒక్కటే నాకు యాదికున్నది" అన్నాడు. ఏం వాసన తాతా అని మావాడు అడిగాడు. "పిడకల వాసన బిడ్డా. పొద్దుగాల పొయ్యి ముట్టియ్యబోయింది గదా." పెదనాయిన, ఇద్దరు మేనమామలు ఆ రోజు పోయారు. ఆడవాళ్లకు ఏం జరిగిందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఫోన్ మావాడి జేబులోనే ఉండిపోయింది. ఆ వాసన వీడియోలో ఎట్లాగూ రాదు.

లేచేటప్పుడు వాడు అలవాటుగా, "వెళ్లొస్తాం తాతా" అన్నాడు. నేను చేయి నొక్కాను. పరామర్శకు పోయినచోట ఆ మాట అనరు, చెప్పకుండా లేచి రావాలి. ముసలాయన చూడనే చూశాడు.

"అననియ్యి సారూ. డెబ్బై అయిదేండ్లు దాటె, ఇప్పుడంటే ఏంగాదు," అని, మావాడి వైపు తిరిగి, "మల్ల రా బిడ్డా. ఎవరింటికొచ్చినవని ఎవలన్న అడిగితే మా ఇంటిపేరు చెప్పు" అన్నాడు.

వాడు ఫోన్ తీశాడు. ఆ లిస్టే తెరిచి, ఊరి పేరు పక్కన, ఆయన ఒక్కో అక్షరం పలుకుతుంటే, ఆ ఇంటిపేరు రాసుకున్నాడు.