ఫోనులో మంచు బొమ్మ కనిపిస్తే గుల్మార్గ్‌లో స్కీయింగ్ ఖాయమా?

శీతాకాలం రాగానే మా ప్రయాణ గ్రూపుల్లో కాశ్మీరులోని గుల్మార్గ్ గురించి ఒక సందేశం చేతులు మారుతూ వస్తుంది. అందులో ఉన్నది ఇంతే: "గుల్మార్గ్‌కు జనవరిలో వెళ్లండి, మంచు ఖాయం. ఎన్ని సెంటీమీటర్లు పడుతుందో వాతావరణ యాప్ పది రోజుల ముందే చెప్పేస్తుంది. అంకె ఎంత పెద్దదైతే స్కీయింగ్ అంత బాగుంటుంది. మంచు పడిన మర్నాడే గండోలా (కేబుల్ కారు) ఎక్కి పైకి వెళ్లిపోండి." హైదరాబాద్, విజయవాడల నుంచి ఏడాదంతా డబ్బు కూడబెట్టుకుని వెళ్లే కుటుంబాలు దీన్ని నమ్మి టికెట్లు కొంటున్నాయి. ఇందులో ఒక్క వాక్యమూ నిలబడదు. చివరిదైతే ప్రాణాల మీదికి తెస్తుంది.

ముందు ఆ అంకె సంగతి చూద్దాం. "గుల్మార్గ్‌లో 30 సెంటీమీటర్లు" అని యాప్ అంటే, ఏ గుల్మార్గ్‌లో? హోటళ్లున్న మైదానం సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. గండోలా మొదటి దశ ముగిసే కొంగ్‌డూరి దాదాపు 3,100 మీటర్లు. రెండో దశ దిగే అఫర్వాత్ స్టేషన్ దాదాపు 3,950. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. అంటే మైదానంలో రెండు డిగ్రీలున్న పూట పైన మైనస్ ఆరు ఉండవచ్చు. యాప్‌లకు అంకెలిచ్చే వాతావరణ నమూనాలేమో, అంటే కంప్యూటర్ లెక్కలు, భూమిని గళ్లుగా కోసి లెక్క కడతాయి. ఎంతో పేరున్న యూరప్ వాతావరణ సూచనల కేంద్రం నమూనాలో కూడా ఒక్కో గడి దాదాపు 9 కిలోమీటర్లు. గండోలా తీగ మొత్తం పొడవే సుమారు 5 కిలోమీటర్లు. మైదానమూ శిఖరమూ ఒకే గడిలో ఇమిడిపోతే, యాప్ చూపించే అంకె రెంటిలో దేనిదీ కాకపోవచ్చు.

ఒక మార్చి నెలలో మా అక్క కుటుంబంతో వెళ్లాను. ఫోనులో మంచు బొమ్మ ఉంది, మైదానంలో మాత్రం వాన. అద్దెకు తీసుకున్న బూట్లలో నీళ్లు చేరి మా మేనకోడలు వణుకుతోంది. "మామయ్యా, ఫోను మంచు అంటుంటే ఇక్కడ వాన పడుతోందేమిటి?" అని ఏడుపు గొంతుతో అడిగింది. గండోలా ఎక్కాం. అద్దం మీద చినుకులు గీతలు గీతలుగా జారిపోతున్నాయి. సగం దారి దాటాక అవి జారడం మానేసి, పడినచోటే తెల్లగా అంటుకోవడం మొదలుపెట్టాయి. కొంగ్‌డూరిలో దిగేసరికి చీలమండ లోతు కొత్త మంచు ఉంది. వాన మంచుగా మారే గీత ఆ పూట మా కళ్ల ముందే తీగ మీద ఎక్కడో ఉంది. సూచన చూసేటప్పుడు వెతకవలసింది ఆ గీతనే. సున్నా డిగ్రీలు ఏ ఎత్తున ఉందో కొన్ని యాప్‌లు చూపిస్తాయి. మంచు సాధారణంగా దానికి రెండు మూడు వందల మీటర్ల దిగువ దాకా కురుస్తుంది, ఆ కింద వానే.

సెంటీమీటర్లు కూడా నమూనా నేరుగా లెక్కగట్టేవి కావు. అది మొదట నీటిని లెక్కిస్తుంది, తర్వాత మంచుగా మారుస్తుంది. ఒక మిల్లీమీటరు నీటికి ఒక సెంటీమీటరు మంచు అన్నది వాడుక లెక్క. గాలి బాగా చల్లగా, పొడిగా ఉంటే అదే నీరు ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు కావచ్చు. సున్నా దగ్గర తడిగా పడితే అర సెంటీమీటరుకు మించదు. కాబట్టి ఒకే 30 మిల్లీమీటర్ల నీరు 15 సెంటీమీటర్ల బరువైన ముద్దా కావచ్చు, 45 సెంటీమీటర్ల దూదీ కావచ్చు. గుప్పిట్లోకి తీసుకుని నొక్కితే తెలిసిపోతుంది: ముద్ద కట్టి నీరు కారితే స్కీలు పట్టేసినట్టు ఆగిపోతాయి, వేళ్ల సందుల్లోంచి పొడిలా రాలిపోతే ఆ రోజు మీది.

ఇక్కడ మన భాష కూడా కొంచెం ఇబ్బంది పెడుతుంది. లంబసింగిలో తెల్లవారుజామున కమ్ముకునేదీ మంచే, గడ్డి మీద పేరుకునేదీ మంచే, ఫ్రీజర్‌లో గడ్డకట్టేదీ మంచే. స్కీ వాలు మీద మాత్రం తేడా చాలా ఉంది. పగలు ఎండకు కరిగి రాత్రికి గట్టిపడిన పెంకు మీద కొత్తవారికి మలుపు తిరగడమే కష్టం. "నేల మీద 120 సెంటీమీటర్లు" అన్న సమాచారం చూసి మురిసిపోకండి. అది సీజనంతా పేరుకున్న మొత్తం లోతు. నిన్నటి నుంచి ఎంత పడింది, ఆ తర్వాత ఎండ కాసిందా, గాలి వీచిందా అన్నవే ఆ రోజు పరిస్థితిని చెబుతాయి.

పది రోజుల ముందు మాట అసలు చెల్లదు. కాశ్మీరుకు శీతాకాలపు మంచు తెచ్చేవి మధ్యధరా ప్రాంతం వైపు నుంచి తేమ మోసుకొచ్చే పశ్చిమ అవాంతరాలు (వెస్టర్న్ డిస్టర్బెన్స్‌లు). పది రోజుల తర్వాత రావలసిన అవాంతరం ఇంకా పుట్టి కూడా ఉండదు. యూరప్ కేంద్రమే ఆరంభ పరిస్థితులను కొద్దికొద్దిగా మార్చి అదే లెక్కను యాభై సార్లు నడుపుతుంది, ఫలితాలు ఎంత చెదురుతాయో చూడడానికి. మన ఫోను వాటిలో ఒక్కదాన్ని పట్టుకుని ఖాయమన్నట్టు చూపిస్తుంది. వారం ముందు "ఒక అవాంతరం రావచ్చు" అనుకోండి, చాలు. అంకెను మూడు రోజుల ముందు నుంచి పట్టించుకోండి, శ్రీనగర్ వాతావరణ కేంద్రం సూచనతో సరిచూసుకోండి.

జనవరి ఖాయమా? డిసెంబర్ 21న మొదలయ్యే నలభై రోజుల చిల్లై కలాన్ కాశ్మీరులో కటిక చలికాలం. చలి ఉన్నంత మాత్రాన మంచు పడదు, తేమ కూడా రావాలి. 2024 జనవరిలో చాలా రోజులు గుల్మార్గ్ మైదానం గోధుమరంగు గడ్డితోనే ఉంది. 2025 ఫిబ్రవరిలో జరగవలసిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలను మంచు చాలక మార్చికి వాయిదా వేశారు.

ఇక "మర్నాడే పైకి వెళ్లిపోండి" అన్న మాట. దీన్ని చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. 2023 ఫిబ్రవరి 1న భారీ మంచు తర్వాత అఫర్వాత్ వాలు మీద మంచుచరియ విరిగిపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. 2024 ఫిబ్రవరి 22న మరో చరియ ఒక రష్యన్ స్కీయర్ ప్రాణం తీసింది. కొత్త పొర కిందిదాన్ని ఇంకా పట్టుకోకముందే, గాలి తెచ్చి పోసిన మంచు బరువుతో 30 నుంచి 45 డిగ్రీల వాలులు తెగిపోతాయి. పెద్ద అంకె అంటే ఆ బరువే. మొదటి దశ దగ్గరి మెల్లని వాలుల్లో నేర్చుకునేవారికి ముప్పు తక్కువ. రెండో దశ పైన, గుర్తులు పెట్టిన దారి దాటితే మాత్రం సంగతి వేరు. గాలి ఎక్కువైతే రెండో దశను ఆపేస్తారు కూడా. అది నడుస్తున్న రోజున సైతం వాలుల మీద గస్తీ తిరిగే స్కీ పెట్రోల్ సిబ్బందిని ఆ రోజు ప్రమాద స్థాయి ఎంతో అడగండి, రక్షణ శాఖ పరిశోధన సంస్థ డీజీఆర్ఈ విడుదల చేసే మంచుచరియల హెచ్చరిక చూడండి. మూడో స్థాయి, అంతకు మించి ఉంటే గైడు ఎంత బతిమాలినా గుర్తులు దాటి వెళ్లకండి. ఆ సందేశం మీ గ్రూపులో కనిపిస్తే కనీసం దాని చివరి వాక్యమైనా తీయించండి.