మా ఉదయగిరిని మర్చిపోయారు

నెల్లూరు జిల్లా ప్రత్యేకతల మీద వ్యాసం బాగుంది. చేపల పులుసు, రొట్టెల పండగ, మలై కాజా అన్నీ రాశారు. కానీ మెట్ట వైపు ఒక్క అడుగు కూడా వేయలేదు. మాది ఉదయగిరి.

మా ఊరి చెక్క గరిటెలు, స్పూన్లు చూశారా? చుట్టుపక్కల కొండల్లో దొరికే నర్ది, బిక్కి లాంటి కర్రతో చేస్తారు. పిడి మీద సన్నటి నగిషీ అంతా చేత్తో చెక్కిందే. ఇప్పుడు వీటికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా ఉంది. మా ఇంట్లో ఊరగాయ జాడీలో ఇప్పటికీ చెక్క స్పూనే వేస్తాం, స్టీలుది పెడితే అమ్మ ఊరుకోదు. కొనేవాళ్లకి ఒక మాట: సబ్బు నీళ్లలో నానబెట్టకండి. కడిగి, తుడిచి, నీడన ఆరబెట్టి, అప్పుడప్పుడూ కాస్త కొబ్బరి నూనె రాస్తే చాలు. బేరం మాత్రం మరీ గీచిగీచి ఆడకండి, ఒక్కో పిడికి ఎంత పని పడుతుందో కూర్చుని చూస్తే తెలుస్తుంది.

ఇక కోట సంగతి. ఒడిశా గజపతి రాజుల చేతిలో ఉన్న ఈ దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో గెలిచాడు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్లి అక్కడ గుడి కట్టించాడు. హంపి వెళ్లినవాళ్లంతా ఆ కృష్ణాలయం ముందు ఫొటోలు దిగుతారు, స్వామి మా ఊరాయన అని ఎవరికీ తెలీదు!

కొండెక్కాలనుకుంటే చలికాలంలో, తెల్లారుజామునే రండి. ఎండాకాలం మా ఎండకి మేమే బయటికి రాము.