గోడలు లేని ఫ్రేమును లెక్కించి, గోడలున్న ఇల్లు కడుతున్నాం

స్టిల్ట్ (కింద పార్కింగ్ కోసం పిల్లర్ల మీద వదిలిన ఖాళీ అంతస్తు) మీద ఐదు అంతస్తుల అపార్ట్‌మెంటు డిజైను ఫైలు తెరిస్తే దాదాపు ఎప్పుడూ ఒకే బొమ్మ కనిపిస్తుంది. బీములూ పిల్లర్లూ గీతలుగా నిలబడి ఉంటాయి. గోడలు ఉండవు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ బరువును బీము మీద లోడుగా వేసి, ఇక ఆ గోడతో పని లేదనుకుంటారు. అంటే గోడకు బరువు ఉంది కానీ దృఢత్వం లేదని కంప్యూటర్‌కు చెబుతున్నామన్న మాట. నిలువు బరువుల లెక్కకు ఇది చాలు. భూమి పక్కకు కదిలిన రోజున మాత్రం ఇది పచ్చి అబద్ధం.

ఎందుకో చెబుతాను. పై అంతస్తుల్లో రెండు పిల్లర్లు, రెండు బీముల మధ్య గడి నిండా గోడ ఉంటుంది. పక్కనుంచి తోపు రాగానే ఆ గడి వాలబోతుంది. గోడ ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఏటవాలుగా అడ్డుపడి దాన్ని వాలనివ్వదు. ప్రతి అంతస్తులోనూ ఇదే జరగడంతో పైనున్న ఐదు అంతస్తులూ ఒకే ముద్దగా కదులుతాయి. కింద పార్కింగ్‌లో గోడలు లేవు. భవనం వంగవలసిన వంపంతా అక్కడి పిల్లర్లలోనే పడుతుంది. గోడలు లేని మోడల్‌లో అదే కదలిక అన్ని అంతస్తులకూ సర్దుకున్నట్టు కనిపిస్తుంది, డ్రిఫ్ట్ (ఒక్కో అంతస్తు పక్కకు జరిగే దూరం) పరిమితి దాటలేదని రిపోర్టు వస్తుంది, దాని మీద సంతకం పడుతుంది.

ఇది ఊహ కాదు. 2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు అహ్మదాబాద్ 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. అయినా అక్కడ బహుళ అంతస్తుల అపార్ట్‌మెంట్లు ఎన్నో కూలాయి. వాటిలో చాలా వాటికి కింది అంతస్తు పార్కింగ్ కోసం వదిలేసిన ఖాళీ అంతస్తే. కొన్నిచోట్ల పై అంతస్తులు పెద్దగా చెదరకుండానే కిందికి దిగిపోయి కూర్చున్నాయి. పార్కింగ్ అంతస్తు మాయమైంది.

ఆ అనుభవం తర్వాత 2002లో వచ్చిన ఐఎస్ 1893, అంటే భూకంపాలను తట్టుకునే డిజైనుకు మన దేశపు ప్రమాణ కోడ్, ఇలాంటి అంతస్తు పిల్లర్లను, బీములను లెక్కలో వచ్చిన భూకంప బలాలకు రెండున్నర రెట్లకు డిజైన్ చేయమంది. 2016లో సవరించిన కోడ్ ఇంకా ముందుకు వెళ్ళి, గోడను ఏటవాలు స్ట్రట్‌గా (మూల నుంచి మూలకు అడ్డుపడే ఊతకర్రలా) మోడల్‌లో పెట్టమంది. ఖాళీ అంతస్తులో కాంక్రీటు షియర్ వాల్స్ (పక్కతోపును ఆపే గోడలు) గానీ బ్రేసింగ్ (ఏటవాలు ఊతాలు) గానీ ఇవ్వమంది. నియమం లేక కాదు, చదివి పక్కన పెడుతున్నాం.

ఈ పిల్లరు మీద ఏం పడుతుందో తెలుసుకోవడానికి సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు. ఒక ఫ్రేములో నాలుగు పిల్లర్లు, స్టిల్ట్ అంతస్తు మీదికి 120 కిలోన్యూటన్ల షియర్ (పక్కతోపు) వస్తోందనుకుందాం. లోపలి పిల్లరు చివరి పిల్లరుకు రెట్టింపు తోపు మోస్తుందనుకునే పోర్టల్ పద్ధతిలో చివరి పిల్లర్లకు 20 చొప్పున, లోపలి పిల్లర్లకు 40 చొప్పున వెళుతుంది. ఎత్తు 3 మీటర్లు, వంపు మలుపు (పిల్లరు వంపు దిశ మారే చోటు) సగం ఎత్తులో అనుకుంటే లోపలి పిల్లరు కొసల్లో మూమెంట్ (వంచే బలం) 40ని 1.5తో హెచ్చిస్తే 60 కిలోన్యూటన్ మీటర్లు. పాత కోడ్ ప్రకారం రెండున్నర రెట్లు చేస్తే 150. కాగితం మీద రెండు నిమిషాల పని. ఇప్పుడు ఆ డ్రాయింగ్‌లోని పిల్లరు అంత మూమెంట్ మోయగలదా అని చూడండి. సంతకం చేసే ప్రతి ఇంజినీరూ ఈ రెండు నిమిషాలు వెచ్చించాలన్నది నా పట్టుదల.

అమెరికన్ ఇంజినీరు హార్డీ క్రాస్ 1930లో, ఫ్రేములోని మూమెంట్లను చేత్తో పంచి లెక్కించే మూమెంట్ డిస్ట్రిబ్యూషన్ పద్ధతిని ప్రచురించినప్పుడు కంప్యూటర్లు లేవు. చేత్తో లెక్క వేస్తున్నప్పుడు ఏ జాయింటు ఎటు తిరుగుతోందో, ఏ పిల్లరు ఎంత లాక్కుంటోందో కళ్ళకు కట్టేది. మన కాలేజీల్లో అదే పద్ధతిని పరీక్ష కోసం పట్టికలు నింపే పనిగా మార్చేశారు. దశాంశ స్థానాలు తప్పకుండా పట్టిక నింపే విద్యార్థిని, ఈ ఫ్రేము ఎలా వంగుతుందో ఒక్క గీత గీసి చూపించమంటే పెన్ను ఆగిపోతుంది. నాకు బాధ కలిగించేది ఇదే.

ఇక మన తొమ్మిది అంగుళాల పిల్లరు. హాల్లో మూల బయటికి పొడుచుకు రాకూడదని పిల్లరును గోడలో దాచేస్తారు. 9×18 అంగుళాల పిల్లరు పొడుగు వైపుతో పోలిస్తే పొట్టి వైపు వంపుకు నాలుగో వంతు దృఢత్వమే చూపుతుంది. గోడల వరసను బట్టి పిల్లర్లన్నింటినీ ఒకే దిక్కుకు పెడితే భవనం ఒక దిక్కున గట్టిగా, అడ్డ దిక్కున బలహీనంగా తయారవుతుంది. పైన గోడలు ఆ లోపాన్ని కప్పిపుచ్చుతాయి, పార్కింగ్‌లో కప్పిపుచ్చేవారు లేరు. దీనికి తోడు నేల మట్టంలో పిల్లర్లను కలిపే ప్లింత్ బీము ఎగరగొట్టి, పునాది ఐదడుగుల లోతున వేస్తే, పదడుగులనుకున్న పిల్లరు నిజానికి పదిహేను అడుగులు. దృఢత్వం పొడవు ఘనానికి విలోమంగా తగ్గుతుంది కాబట్టి మూడో వంతు కూడా మిగలదు.

"హైదరాబాద్ జోన్ 2 కదా, ఇక్కడ భూకంపాలెక్కడివి?" అని అడుగుతారు. (జోన్ అంకె పెరిగేకొద్దీ భూకంప ప్రమాదం ఎక్కువ.) 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపిస్తే హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ జనం గుర్తించారు. 1969లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది. ఇవి మహా భూకంపాలేమీ కావు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ 2016 కోడ్ ప్రకారం విజయవాడ జోన్ 3లో ఉంది, ఆ జోన్‌లో ఐఎస్ 13920 డిటైలింగ్ (భూకంపానికి తగినట్టు కాంక్రీటులో ఇనుము అమర్చే నియమాలు) తప్పనిసరి. అక్కడా ఇవే సన్న పిల్లర్లు, ఇవే ఖాళీ పార్కింగులు కనిపిస్తున్నప్పుడు జోన్ గురించి వాదించడంలో అర్థం లేదు.

కార్లు పెట్టుకోవడానికి చోటు కావాలి, నిజమే. స్టిల్ట్ వద్దని నేననడం లేదు. ఫ్లాటు కొనేవారు టైల్స్ కంపెనీ అడిగినట్టే ఇది కూడా అడగండి: లిఫ్ట్ చుట్టూ ఉన్నది ఇటుక గోడా, పునాది నుంచి పైకప్పు దాకా లేచిన కాంక్రీటు గోడా? కాంక్రీటుదే అయి ఒక మూలన ఉంటే, భవనం మెలితిరగకుండా ఎదుటి వైపు కూడా ఒక గోడ ఇచ్చారా? అనుమతి ఇచ్చే అధికారులు స్టిల్ట్ అంతస్తు లెక్కను, గోడలతో కలిపి చేసిన మోడల్‌ను విడిగా ఒక పేజీలో అడగాలి. ఆ పేజీ లేని ఫైలును వెనక్కి పంపాలి.