కాలేజీ విద్యార్థులకు కావలసింది ఇంకో ఫీడ్ కాదు

ఒకే కాలేజీ విద్యార్థుల కోసం ప్రత్యేకంగా సామాజిక యాప్ చేయాలన్న ఉత్సాహం ఏటా ఎక్కడో ఒకచోట పుడుతూనే ఉంటుంది. చేసేవారు చాలాసార్లు విద్యార్థులే కనుక వారి సంకల్పాన్ని నేను శంకించను. అవసరాన్ని వారు అంచనా వేసే తీరు మీదే నా అభ్యంతరం.

కొత్తగా చేరిన విద్యార్థికి ఏ ఐచ్ఛిక సబ్జెక్టులో ఎంత శ్రమ ఉంటుందో దాపరికం లేకుండా చెప్పే సీనియర్ కావాలి. గది పంచుకోవడానికి నమ్మదగిన తోడు కావాలి. పాత పుస్తకాలు కావాలి, పోగొట్టుకున్న గుర్తింపు కార్డు దొరకాలి, పరీక్ష వాయిదా పడిందా లేదా అన్నది నికరంగా తెలియాలి. ఇవన్నీ నిజమైన అవసరాలే, కానీ ఏదీ రోజూ వచ్చేది కాదు. పని పూర్తయిన మరుక్షణం విద్యార్థి యాప్‌ను మూసేస్తాడు, మూసేయడమే సబబు కూడా. అయితే రోజుకు ఎంతమంది తెరిచారు, ఎంతసేపు ఉన్నారు అన్న లెక్కల మీద బతికే యాప్‌కు ఇలాంటి వాడకం గిట్టదు కనుక, మిగిలిన సమయాన్ని నింపడానికి అది ఎడతెగకుండా కొత్త పోస్టులు చూపే ఫీడ్‌ను పెట్టి, పుకార్లకూ అజ్ఞాత వ్యాఖ్యలకూ తలుపులు తెరుస్తుంది.

యిక్ యాక్ అనే యాప్ కథ ఇదే. అమెరికాలోని ఫర్మన్ విశ్వవిద్యాలయంలో చదివిన ఇద్దరు యువకులు 2013లో దానిని ప్రారంభించారు. కొద్ది మైళ్ల పరిధిలో ఉన్నవారు పేరు చెప్పకుండా రాసుకునే వీలు ఉండటంతో కాలేజీలలో అది వేగంగా వ్యాపించింది, పెట్టుబడులూ వచ్చాయి. వాటితోపాటే వేధింపులు, బెదిరింపులు కూడా వచ్చాయి. 2016లో ప్రతి ఒక్కరికీ ఒక గుర్తింపు పేరు ఉండాలని నిబంధన పెడితే వాడుకరులు తిరగబడ్డారు, కొన్ని నెలలకే దానిని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. 2017లో యాప్ మూతపడింది. 2021లో కొత్త యాజమాన్యం దానిని తిరిగి తెచ్చినా, మళ్లీ ఆ అజ్ఞాతాన్నే నమ్ముకుంది.

అజ్ఞాతం ఎప్పుడూ చెడ్డదేనని నేను అనను. వేధింపుకు గురైన అమ్మాయి, కుంగిపోయి ఎవరితోనూ చెప్పుకోలేని కుర్రవాడు తమ పేరుతో సాయం అడగలేరు. కానీ వారికి కావలసింది బాధ్యత గల ఒక మనిషి నుంచి జవాబు. వందలమంది అపరిచితులు నచ్చిందనో నచ్చలేదనో ఓట్లు వేసే చోట ఆ బాధను పెట్టించి, దానినే సేవ అనడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

డబ్బు, సాంకేతిక బలం ఉంటే చాలునన్న వాదనా నిలవదు. 2004లో హార్వర్డ్‌లో మొదలైన ఫేస్‌బుక్ తొలి రోజుల్లో కాలేజీ ఈమెయిల్ ఉన్నవారినే చేర్చుకునేది. నా తరగతిలో ఎవరెవరు ఉన్నారన్న సూటి ప్రశ్నకు అది జవాబిచ్చింది. అదే సంస్థ 2020లో విద్యార్థుల కోసం ఫేస్‌బుక్ క్యాంపస్ అనే విభాగాన్ని తెచ్చి, 2022 మార్చిలో మూసేసింది. అప్పటికి విద్యార్థులు మాట్లాడుకోవడానికి గ్రూపులు ఎన్నో ఉన్నాయి, మరొకటి ఎవరికి కావాలి?

ఆ గ్రూపులలో లేనిది జ్ఞాపకం. నిరుడు ఒక సీనియర్ ఎంతో ఓపికగా రాసిన వివరణ వేల సందేశాల కింద పూడిపోతుంది, ఈ ఏడు అదే ప్రశ్న మళ్లీ వస్తుంది, ఈసారి జవాబిచ్చేవారు ఉండరు. నాలుగేళ్ల కోర్సులో ఏటా దాదాపు నాలుగో వంతు మంది వెళ్లిపోతారు. తెలిసిన సంగతులూ వారితోపాటే వెళ్లిపోతాయి. స్థానిక యాప్ చేయదగిన పని ఇక్కడే ఉంది: వెతికితే దొరికే జవాబులు, రాసినవారి బ్యాచ్, రాసిన తేదీ, కాలం చెల్లినవాటిని తొలగించే ఏర్పాటు. దీనికి ఫీడ్ అక్కరలేదు, నోటిఫికేషన్ల మోత అసలే అక్కరలేదు. తయారుచేసినవారు పట్టా పుచ్చుకుని వెళ్లిన తరువాత దానిని ఎవరు చూసుకుంటారో, విద్యార్థి సంఘమో గ్రంథాలయమో, మొదటి రోజే తేల్చుకోవాలి. నాకు ఎవరైనా ఇలాంటి యాప్‌ను చూపిస్తే ముందుగా అడిగేది ఆ ప్రశ్నే.