కొయ్య గోదాముకు ఒక్క అవకాశం

చంద్రగిరి రాజమహల్‌లో కొయ్య వాడలేదు. రాయి, ఇటుక, సున్నంతోనే మూడంతస్తులు లేపారని చూడవచ్చినవాళ్లకు గొప్పగా చెప్పుకుంటాం. చెదలకు దడిసి అలా కట్టారో, నిప్పుకు దడిసి కట్టారో గానీ, ఇదే గడ్డమీద ఫ్యాక్టరీ షెడ్లు, గోదాములు కొయ్యతో కట్టొచ్చంటే ఇవాళ చాలామంది నవ్వుతారు. పైగా కలప అనగానే ఎర్రచందనం దుంగలు, టాస్క్‌ఫోర్స్ జీపులే గుర్తొచ్చే ప్రాంతం మనది. అయినా ఈ ఆలోచనను నవ్వి వదిలేయడం సరికాదు.

అడవి మాను నరికి దూలం వేయమని ఎవరూ అనడం లేదు. తోటలో పెంచిన చెట్టును పలకలుగా కోసి, తేమ సుమారు 12 శాతానికి దిగేదాకా ఆరబెడతారు. కణుపులు, పగుళ్లు ఉన్నచోట కోసి తీసేస్తారు. మిగతా ముక్కల చివర్లను దువ్వెన పళ్లలా కోసి ఒకదానిలో ఒకటి దిగేసి, జిగురు పూసి, పొరలు పొరలుగా ప్రెస్‌లో అదుముతారు. అదే గ్లూలామ్ దూలం. జర్మనీలో ఓటో హెట్జర్ 1906లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. నార్వేలో 2019లో పూర్తయిన మ్యోస్టార్నెట్ భవనం ఈ పద్ధతిలోనే 85 మీటర్లు దాటింది. మనకు ఆ ఎత్తులతో పనిలేదు. నడుమ స్తంభాలు అడ్డురాని వెడల్పాటి షెడ్డు చాలు.

మరి నిప్పంటుకుంటే? అందరూ అడిగే మొదటి ప్రశ్న ఇదే, అడగాల్సిందే. సన్నని రీపరు భగ్గున మండుతుంది. లావాటి దూలం అలా కాదు. పైపొర మాడి బొగ్గవుతుంది, ఆ బొగ్గే లోపలి కొయ్యకు వేడి తగలకుండా కాస్తుంది. లెక్కల్లో వాడే వేగం నిమిషానికి సుమారు 0.7 మిల్లీమీటర్లు, అంటే గంటకు 42. రెండు పక్కలా మంట తగిలినా 200 మిల్లీమీటర్ల మందం దూలంలో గంట తర్వాత వంద మిల్లీమీటర్లకు పైగా గట్టి కొయ్య మిగులుతుంది. ఉక్కు మండదు నిజమే. కానీ 600 డిగ్రీల దగ్గర దాని బలం సగానికి పడిపోతుంది. కాలిన గోదాముల్లో మెలికలు తిరిగి కూలిన గర్డర్లు ఎందుకలా ఉంటాయో దీన్నిబట్టి తెలుస్తుంది. అలాగని కొయ్య షెడ్డుకు పూచీ ఇచ్చేయలేం. దూలాలను కలిపే ఇనుప ప్లేట్లు, బోల్టులు బయటికి కనబడితే ముందు దెబ్బతినేది అక్కడే. వాటిని కొయ్య లోపల దాచాలి. లోపల అట్టపెట్టెలు, ప్లాస్టిక్ సంచులు నింపాక షెడ్డు దేనితో కట్టినా స్ప్రింక్లర్లు తప్పవు.

అగ్గికన్నా మాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది స్తంభం అడుగు. తేమ 20 శాతం దాటి నిలిస్తే కొయ్యకు బూజు, కుళ్లు పడతాయి. కొయ్య నేలకు ఆనితే చాలు, చెదలు ఎక్కేస్తాయి. అందుకే స్తంభాన్ని నేలమీద నిలపకూడదు. కాంక్రీటు దిమ్మెపై ఇనుప చెప్పు (స్తంభం అడుగును పట్టి ఉంచే తొడుగు) బిగించి, నీరు నిలవకుండా, కంటికి కనబడేలా ఎత్తులో నిలపాలి. తోతాపురి మామిడి సీజన్లో పల్ప్ యూనిట్ లోపల నేల ఎప్పుడూ తడే. అలాంటి చోటికి కొయ్య వద్దనే మా సలహా. ఎరువులు, ఉప్పు నిలవచేసే గోదాముల సంగతి వేరు. అక్కడ ఉక్కును తుప్పు తినేస్తుంది, కొయ్య తట్టుకుంటుంది. మంచు దేశాల్లో రోడ్లపై చల్లే ఉప్పుకు కొయ్య షెడ్లు కట్టడం అందుకే.

ఇక చిక్కంతా కలపతోనే. దూలాలు యూరప్ నుంచి ఓడలో తెప్పించుకుని పర్యావరణం గురించి మాట్లాడితే అది షోకు తప్ప మరొకటి కాదు. మన మెట్ట పొలాల్లో నీలగిరి ఉంది. కానీ కాగితం మిల్లు కోసం నాలుగైదేళ్లకే కొట్టేసే సన్నపు కర్ర దూలానికి పనికిరాదు. ఇంకా చాలా ఏళ్లు పెంచాలి. కోశాక పగలకుండా, వంకర పోకుండా ఆరబెట్టడం కూడా ఒక విద్యే. ధర ముందే ఖాయం కాకుండా అన్నేళ్లు ఆగమని రైతును అడిగే హక్కు ఎవరికీ లేదు. ఆరబెట్టడం, జిగురు, చెదల మందు గురించి తెలిసిన కలప పరిశోధన సంస్థ బెంగళూరులోనే ఉంది. చిత్తూరు నుంచి పొద్దున బయల్దేరితే సాయంత్రానికి తిరిగి రావచ్చు.

నిర్మాణాల్లో కలప వాడకంపై కేంద్ర ప్రజాపనుల శాఖ 1993లో పెట్టిన నిషేధాన్ని 2020లో ఎత్తేసింది. అయినా ప్రైవేటు యజమాని ముందుకు రాడు, బ్యాంకు, బీమా కంపెనీ అడిగే ప్రశ్నలకు అతని దగ్గర జవాబు ఉండదు గనక. కాబట్టి రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఏపీఐఐసీ ఏర్పేడు – శ్రీకాళహస్తి వైపు ఒక్క ఎరువుల గోదామును గ్లూలామ్‌తో కట్టించాలి. పక్కనే అదే కొలతల్లో మామూలు పీఈబీ షెడ్డు (ఫ్యాక్టరీలో చేసిన ఉక్కు భాగాలు తెచ్చి బిగించేది) ఒకటి వేయాలి. రెండింటి ఖర్చు, బీమా ప్రీమియం, ఏటా మరమ్మతుల బిల్లు జనానికి తెలిసేలా బయటపెట్టాలి. అగ్నిమాపక శాఖను డిజైన్ దశలోనే కూర్చోబెట్టాలి, కట్టాక ఎన్‌వోసీ కోసం తిరగడం కాదు. నాలుగు వానాకాలాలు గడిచాక స్తంభాల అడుగులు విప్పి చూసి, ఆ లెక్కలతోనే రెండో గోదాము సంగతి తేల్చాలి.