స్లాష్ ఈ అంటే ఏమిటో చెప్పండి చూద్దాం

నిన్న ఒకాయన పోస్టు కళ్ళబడింది. "ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే కాన్ఫిగ్.సిస్ రాయడం వచ్చినవాడిదే. ఇప్పటి పిల్లలకి మౌస్ నొక్కడం తప్ప ఏం తెలుసు?" అని. కాన్ఫిగ్.సిస్ అంటే డాస్ (విండోస్‌కి ముందు పీసీల్లో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్) లేచేటప్పుడు చదువుకునే సెట్టింగుల ఫైలు. పోస్టు కింద లైకులే లైకులు. మా వయసు వాళ్ళంతా వచ్చి మీసాలు మెలేసుకున్నారు.

అయ్యా, నేనూ ఆ రోజుల్లోనే ఉన్నాను. 1996 నుంచి నాలుగేళ్ళు విజయవాడలో ఒక సర్వీస్ షాపులో చేశాను. స్క్రూడ్రైవర్, బూట్ ఫ్లాపీ (కంప్యూటర్ని లేపే డిస్కు), అట్ట ఊడిపోయిన ఒక రూళ్ళ నోట్‌బుక్, ఇదీ నా సరంజామా. ఆ పోస్టు చదివితే నాకు ఒళ్ళు మండింది. మాకు తెలిసింది గోరంత. ఎక్కడో పనిచేసిన లైనును ఇంకో మెషీన్లోకి ఎక్కించి, దేవుడి మీద భారం వేసి రీస్టార్ట్ కొట్టింది కొండంత.

ఆ తరం కాని వాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. అప్పట్లో సీడీ డ్రైవ్‌కో, స్కానర్‌కో, పెద్ద హార్డ్ డిస్కుకో విడిగా ఒక కార్డు ఉండేది. అది ఏ పోర్టు అడ్రసులో (ప్రాసెసర్ దాన్ని పలకరించే నంబరు) కూర్చుంటుందో, ఏ ఐఆర్‌క్యూ (ప్రాసెసర్‌ని పిలిచే గంట లైను) వాడుతుందో, ఏ డీఎంఏ చానెల్ (ప్రాసెసర్‌తో పని లేకుండా మెమరీకి దారి) పట్టుకుంటుందో కార్డు మీద చిన్న జంపర్లు గుచ్చి పెట్టాలి. పెట్టాక అదే సంగతి డ్రైవర్‌కి (కార్డును నడిపే ప్రోగ్రాంకి) కూడా విడిగా చెప్పుకోవాలి. డ్రైవర్ పేరు పక్కన ఒక ఏటవాలు గీత (స్లాష్), ఒక అక్షరం, ఒక అంకె. వాటినే స్విచ్‌లు అంటారు. మిట్సుమీ సీడీ డ్రైవ్ సంగతే చూడండి. /పి:300 అంటే పోర్టు, సరే. /ఐ:11 అంటే ఐఆర్‌క్యూ, అదీ సరే. /టి:6 అంటే డీఎంఏ చానెల్. డీఎంఏలో టి ఎక్కడుంది? అది రాసినాయన్నే అడగాలి.

పైగా /డి: అని ఆ డ్రైవ్‌కి ఒక పేరు పెట్టాలి, ఎంఎస్‌సీడీ001 అని. ఆటోఎగ్జెక్ అనే ఇంకో స్టార్టప్ ఫైల్లో ఎంఎస్‌సీడెక్స్ (సీడీకి డ్రైవ్ అక్షరం ఇచ్చే ప్రోగ్రాం) పక్కన మళ్ళీ అదే పేరు అక్షరం తేడా లేకుండా రాయాలి. సున్నా బదులు ఇంగ్లీషు ఓ అక్షరం కొట్టారా, అంతే. "డివైస్ డ్రైవర్ దొరకలేదు" అని మెసేజీ వస్తుంది, సీడీ డ్రైవ్ అలంకారానికి మిగిలిపోతుంది. ఆ సున్నాకీ ఓకీ తేడా పట్టుకోవడానికి నేనొకసారి ఒక పూట పోగొట్టుకున్నాను. దీన్ని పరిజ్ఞానం అంటారా? నాకైతే అది కళ్ళ పరీక్షలాగే ఉండేది.

సరే, వేర్వేరు కంపెనీలు, ఎవరి గోల వాళ్ళది అనుకుందాం. మైక్రోసాఫ్ట్ వాళ్ళ సొంత సరుకైనా ఒక మాట మీద ఉందా? ఎంఎస్‌సీడెక్స్‌లో /ఈ అంటే ఎక్స్‌పాండెడ్ మెమరీ. ర్యామ్‌డ్రైవ్‌లో (మెమరీలో కొంత భాగాన్ని డిస్కులా చూపించేది) /ఈ అంటే ఎక్స్‌టెండెడ్ మెమరీ. ఈ రెండూ అదనపు మెమరీ వాడుకునే వేర్వేరు పద్ధతులు, ఒకదాని బదులు ఇంకోటి వాడితే కుదరదు. స్మార్ట్‌డ్రైవ్‌లో (డిస్కు వేగం పెంచడానికి డేటాను మెమరీలో పెట్టుకునేది) /ఈ అంటే ఒక్కసారి కదిపే ముక్క సైజు. ఎంఎస్‌సీడెక్స్‌లో /ఎల్ సీడీకి ఇచ్చే డ్రైవ్ అక్షరం, స్మార్ట్‌డ్రైవ్‌లో /ఎల్ అంటే నన్ను పై మెమరీలోకి (మామూలు మెమరీకి పైనుండే కొంత జాగా) ఎక్కించొద్దు అని. స్మార్ట్‌డ్రైవ్‌లో /ఎక్స్ పెడితే డిస్కు మీద రాతను వాయిదా వేయడం ఆగుతుంది. ఈఎంఎం386లో (మెమరీని సర్దే డ్రైవర్) ఎక్స్ అంటే మెమరీలో ఫలానా జాగా జోలికి పోవద్దని, దానికి స్లాష్ కూడా అక్కర్లేదు. ఇవన్నీ డాస్ 6 అనే ఒకే పెట్టెలో కలిసి వచ్చినవే. ఒకే ఇంట్లో అన్నదమ్ములు తలో భాష మాట్లాడుతుంటే పక్కింటివాడికి అర్థం కాలేదని ఎగతాళి చేయడం ఏం మర్యాద?

అక్షరాలు అడ్డదిడ్డంగా ఉన్నా ఓర్చుకోవచ్చు, అడిగితే చెప్పేవాడుంటే. అసలు తంటా అక్కడే. స్మార్ట్‌డ్రైవ్ లాంటి ప్రోగ్రాం పక్కన /? కొడితే తెరంతా సాయం వచ్చేది. కార్డుతో వచ్చే, .సిస్ అని ముగిసే డ్రైవర్‌కి ఆ భాగ్యం లేదు. దాన్ని ప్రాంప్ట్ దగ్గర నడపలేం, కాన్ఫిగ్.సిస్‌లో పెట్టి మెషీన్ ఆపి మళ్ళీ వేయాల్సిందే. అంటే దాని స్విచ్‌ల అర్థం ఉండేది రెండే చోట్ల: ఫ్లాపీలోని రీడ్‌మీలో, డబ్బాలో వచ్చిన కాగితంలో. మా దగ్గరికి వచ్చే కార్డులకి డబ్బా ఏదీ? ప్లాస్టిక్ కవర్లో, రబ్బరు బ్యాండు వేసి వచ్చేవి. డ్రైవర్ ఫ్లాపీ ఉంటే ఆ రోజు పండగ.

ఇక ఉన్న కాస్తా దాచిపెట్టేది మేము. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఒక డీటీపీ సెంటర్లో స్కానర్ కార్డు సెట్ చేసి, వాళ్ళకి పనికొస్తుందని సెట్టింగులు కాగితం మీద రాసిచ్చాను. షాపుకి రాగానే మా ఓనర్ పట్టుకున్నాడు. "రాసిచ్చావా? రాసిస్తే మళ్ళీ మనల్నెందుకు పిలుస్తాడ్రా?" ఆ రోజు నుంచి నేనూ రాసివ్వడం మానేశాను. ఒక అంకె మార్చి, రెండు గంటలు కూర్చున్నట్టు నటించి, విజిట్ చార్జీ తీసుకొచ్చిన రోజులున్నాయి. ఆ పోస్టు పెట్టినాయన చెప్పే పాండిత్యంలో సగం ఈ గుట్టే.

ఇదంతా తప్పనిసరా అంటే కాదు. విండోస్ 98 స్టార్టప్ ఫ్లాపీ గుర్తుందా? సీడీ సపోర్ట్ కావాలంటే దాని కాన్ఫిగ్.సిస్‌లో తొమ్మిది డ్రైవర్లు వరసగా నడిచేవి. వేర్వేరు కంపెనీలవి: ఓక్ వాళ్ళది, బస్‌లాజిక్ వాళ్ళవి, అడాప్టెక్ వాళ్ళవి, తాళంచెవుల గుత్తిలో ఒక్కోటీ తిప్పి చూసినట్టు. సీడీ డ్రైవర్లకి పేరు తప్ప పోర్టు, ఐఆర్‌క్యూ ఏవీ చెప్పనక్కర్లేదు. ఉన్న కార్డును అదే వెతుక్కునేది, లేకపోతే తప్పుకునేది. వెతుక్కోవడం దానికి చేతనైతే అన్నేళ్ళు మన చేత ఎందుకు చెప్పించుకున్నట్టు?

స్విచ్‌లే వద్దని మాత్రం నేననను. డిస్కు పిచ్చి పడితే చివరికి మనల్ని ఆదుకునేవి అవే. లైనక్స్‌లో ఇప్పటికీ బూట్ లైన్లో లిబ్‌ఏటీఏకి (డిస్కులను నడిపే భాగం) ఒక మాట చేర్చి మొండికేసిన సాటా డిస్కు వేగం తగ్గించొచ్చు. నా ల్యాప్‌టాప్‌లో ఎస్ఎస్‌డీ నిద్రలోకి జారుకుని లేవకపోతే నేనూ అలాంటి లైను ఒకటి ఎక్కడో చూసి అతికించాను. పోయిన నెల చూస్తే అది ఎందుకు పెట్టానో నాకే గుర్తులేదు. తీయాలంటే భయం. ముప్పై ఏళ్ళు గడిచినా నా బుద్ధి ఆ రూళ్ళ నోట్‌బుక్ దగ్గరే ఉంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ ఎండాకాలం ఒక పాత ప్రెస్ ఓనరు గారబ్బాయి ఫోన్ చేశాడు. "అన్నా, నాన్న 486 కంప్యూటర్ ఇంకా మేడ మీదే ఉంది. ఆన్ అవుతోంది. అందులో మా ఊరి గుడి సావనీర్, నాన్న వేసిన శతకాలు ఉన్నాయి, తీసిపెట్టవా?" అని. వెళ్ళాను. 8 ఎంబీ ర్యామ్, డాస్ 6.22, అడాప్టెక్ 1542 కార్డు, దానికి ఒక స్కజీ (ఒక రకం డిస్కు కనెక్షన్) హార్డ్ డిస్కు. దుమ్ము దులిపి ఆన్ చేస్తే నిజంగానే లేచింది.

కాన్ఫిగ్.సిస్ తెరిచాను. చాలా లైన్లు. మధ్యలో స్మార్ట్‌డ్రైవ్‌కి డబుల్ బఫర్ లైను, దానిపైన ఒక రెమ్. రెమ్ అంటే తెలుసుగా, కంప్యూటర్ పట్టించుకోదు, మనిషి కోసం రాసుకునే లైను. ఎవరో ఆపరేటర్ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశాడు: "కింది లైను తీయొద్దు. తీస్తే మిషను లేవదు."

నవ్వొచ్చింది. చాలా మెషీన్లకి ఆ లైను దండగ, ఊరికే కాస్త మెమరీ తింటుంది. ఇంటర్‌లింక్‌తో (రెండు కంప్యూటర్లని కేబుల్‌తో కలిపే డాస్ ప్రోగ్రాం) ఫైళ్ళు పాత ల్యాప్‌టాప్‌కి పంపాలి, మెమరీలో జాగా కావాలి. తీసేశాను. రీస్టార్ట్ కొట్టాను. సగంలో నిలబడిపోయింది.

మెట్ల మీద కూర్చుని ఆలోచిస్తే తట్టింది. ఆ 1542 కార్డు ప్రాసెసర్‌ని అడగకుండా తానే నేరుగా మెమరీలో రాస్తుంది. ఈఎంఎం386 ఏమో పై మెమరీ అడ్రసుల్లో వేరేచోటి ర్యామ్‌ని తెచ్చి చూపిస్తుంది. ఆ మార్పు ప్రాసెసర్‌కి తెలుసు, కార్డుకి తెలియదు. ఇల్లు మారినవాడి ఉత్తరం పోస్ట్‌మాన్ పాత గుమ్మంలోనే వేసి పోయినట్టు, పై మెమరీలోకి ఎక్కాల్సిన డ్రైవర్ ఎక్కడికో పోయింది. డబుల్ బఫర్ చేసే పని ఒక్కటే, ఉత్తరాన్ని ముందు అందరికీ తెలిసిన చోట దింపి, అక్కడి నుంచి కొత్త ఇంటికి చేర్చడం. స్మార్ట్‌డ్రైవ్ అని ఊరికే కొడితే వచ్చే పట్టికలో బఫరింగ్ కింద "ఎస్" (అవును) అని ఉందో లేదో చూస్తే ముందే తెలిసేది. నాలుగేళ్ళు సర్వీస్ చేసిన మొనగాణ్ణి, చూడలేదు.

ఎఫ్5 నొక్కి కాన్ఫిగ్.సిస్ దాటేసి బూట్ చేశాను, లైను తిరిగి పెట్టాను. మెషీన్ లేచింది. ఇంటర్‌లింక్ స్విచ్‌లు చూస్తే మనసు చల్లబడింది: /డ్రైవ్స్, /నోప్రింటర్. చదివితే అర్థమయ్యే మాటలు. అంటే మైక్రోసాఫ్ట్ వాళ్ళకి చేతకాక కాదు. రాత్రి తొమ్మిదికల్లా సావనీర్, శతకాలు అన్నీ వచ్చేశాయి. ఆ పాత తెలుగు ఫాంట్ల గోల ఇంకో పోస్టుకి సరిపడా ఉంది, అది తర్వాత.

ఆ రెమ్ రాసిన ఆపరేటర్ ఎవరని అడిగితే అబ్బాయికి గుర్తులేదు. "చాలామంది పనిచేశారన్నా" అన్నాడు. ఆపేసే ముందు ఆ లైను కిందే నేనూ ఒక రెమ్ కొట్టాను, అతని లాగే ఇంగ్లీషు అక్షరాల్లో: "తీసి చూశాను. నిజమే. 1542 కార్డు + ఈఎంఎం386."