కార్డులో ‘తక్కువ’ అంటే ఎంత తక్కువ?

మా చిన్నాయన కయ్య శ్రీకాళహస్తి దగ్గర, స్వర్ణముఖి ఏటి పక్కన ఉంది. భూసార పరీక్ష కార్డులో నత్రజని ‘తక్కువ’ అని వచ్చింది, పక్క కయ్యాయన కార్డులోనూ అదే మాట. “తక్కువైతే ఎన్ని మూటలు ఎక్కువ ఎయ్యాల్రా?” అని అడిగితే, చదువుకున్నోణ్ణి అని పేరేగానీ నా దగ్గర జవాబు లేదు.

నత్రజని హెక్టారుకు 280 కిలోల లోపు ఉంటే కార్డులో ‘తక్కువ’ అని రాస్తారు. మట్టిని క్షారం కలిపిన పర్మాంగనేట్ అనే రసాయనంతో వేడి చేసి, బయటికొచ్చే అమ్మోనియాను కొలుస్తారు. 1956లో సుబ్బయ్య, అసిజా అనే శాస్త్రవేత్తలు చెప్పిన పద్ధతి ఇది. కానీ టన్ను వడ్లకు పైరు తీసుకునే నత్రజని 15 నుంచి 20 కిలోలే. ఐదు టన్నులు పండినా వంద దాటదు. ఆ లెక్కన కార్డులో 250 ఉన్న కయ్యకు యూరియా అక్కరే లేదు! అంటే ఆ 250 పైరుకు అందే సరుకు కాదు, ఒక గుర్తు మాత్రమే. ఈ ముక్క రైతుకు ఎవరూ చెప్పరు.

ఇంకో లెక్క చూడండి. మన ఎర్రనేలలో సేంద్రియ కర్బనం, అంటే కుళ్లిన ఆకూ వేరూ మిగిల్చిన కర్బనం, 0.4 శాతం అనుకుంటే, దాంతో పాటు పైన 15 సెంటీమీటర్ల మట్టిలో హెక్టారుకు సుమారు 750 కిలోల నత్రజని దాగి ఉంటుంది. సూక్ష్మజీవులు ఏడాదికి అందులో రెండు శాతం విడిపిస్తే 15 కిలోలు, అంటే ఒక యూరియా మూటలో ఉన్నంత కూడా కాదు. ఆ రెండు శాతమైనా ఎప్పుడు విడుదలవుతుందో తేదీ ఉండదు. ఎండాకాలమంతా కాలిన నేల మీద తొలకరి పడితే ఒక్కసారిగా విడుదలవుతుంది, అప్పటికి పైరుకు వేళ్లే ఉండవు, కార్తీక మాసం ముసురుకు ఇసుక నేలలో ఉన్నది కాస్తా కిందికి దిగిపోతుంది. పచ్చి వరిగడ్డి కలిపి దున్నితే సూక్ష్మజీవులే నత్రజనిని లాక్కుంటాయి, పైరు పసుపెక్కుతుంది. జీలుగ లాంటి పచ్చిరొట్ట కలిపితే అందుకు విరుద్ధం.

విడుదలను కొలిచే అసలు పరీక్ష లేకపోలేదు. 1972లో స్టాన్‌ఫర్డ్, స్మిత్ అనే శాస్త్రవేత్తలు మట్టిని 35 డిగ్రీల దగ్గర 30 వారాలు పెట్టి ఎంత నత్రజని విడుదలవుతుందో చూశారు. 30 వారాలంటే మనం చెనిక్కాయ పీకి, కాయలమ్మి, డబ్బులు ఖర్చు పెట్టేసి కూడా చాన్నాళ్లవుతుంది.

అందుకే నాకు కయ్యలోనే కొలవడం మేలనిపిస్తుంది. ఒక్క సెంటుకు చిన్న గట్టు కట్టి యూరియా వెయ్యకుండా వదిలెయ్యాలి, మిగతావన్నీ మామూలే. అక్కడ 12 కిలోల వడ్లు వచ్చాయనుకోండి, హెక్టారుకు దాదాపు 3 టన్నులు, అంటే నేల, నీళ్లు, నాచు, పాత మోళ్లు అన్నీ కలిసి 45–60 కిలోల నత్రజని ఇచ్చినట్టు. కార్డు 250 అంది, కాగితం లెక్క 15 అంది, పైరు చెప్పింది ఇది. నేనైతే పైరునే నమ్ముతా. మిగతా కయ్యలో పై ఎరువు ఎప్పుడెయ్యాలో ఆకుల రంగుల చార్టు, అంటే ఆకు పచ్చదనాన్ని పోల్చి చూసే అట్ట, చూసి తేల్చుకోవచ్చు.

మూట 266 రూపాయల 50 పైసలకు దొరుకుతుంటే ఈ తలనొప్పి ఎవరికి కావాలి అంటారు, నిజమే. కానీ ఎక్కువైన యూరియాకు పైరు పడిపోతే, సుడిదోమ పడితే, ఆ ఖర్చు మూట మీద రాసి ఉండదు కదా. తిరుపతిలోనే వ్యవసాయ కళాశాల ఉంది, పరిశోధన స్థానం ఉంది. మండలానికి పది కయ్యల్లో ఇలా సెంటు చొప్పున కోసి తూకం వెయ్యడం అక్కడ చదివే పిల్లల చేత చేయించదగ్గ పని.

చిన్నాయనకు ఇదంతా చెప్పా. గట్టు పక్క సెంటు వదలడానికి ఒప్పుకున్నాడు గానీ, “గింజ తగ్గితే ఆ వడ్లు నువ్వే కొలవాల” అన్నాడు. సరే అన్నా.